ఇంకా వయసు రాలేదు

చెకింగ్ తాతయ్య దేన్నీ చూడకుండా నమ్మడు. చూశాక కూడా సగమే నమ్ముతాడు. పొద్దున్నే గోడమీద ఎండ పడితే, అది ఎండేనా, ఎదురింటివాళ్ళు లైటు ఆర్పడం మర్చిపోయారా అని కిటికీ తీసి చూసుకుని గానీ మంచం దిగడు. "సూర్యుణ్ణి కూడా టికెట్ అడిగే మనిషి" అని నాయనమ్మ ఆయనకి బిరుదిచ్చి చాలా ఏళ్ళయింది. ఆ బిరుదులో వెటకారమేమైనా దాగుందా అని రెండ్రోజులు ఆలోచించి మరీ పుచ్చుకున్నాడాయన.

చేసిన ఉద్యోగం అలాంటిది మరి. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసేవాడు. పెద్దవాళ్ళ టికెట్లు ఎవరైనా చూస్తారు, అదేం విద్య? ఆయన ప్రతాపమంతా పిల్లల వయసు పట్టుకోవడంలో ఉండేది. గడ్డం మోకాళ్ళకి తగిలేలా పిల్లాణ్ణి ఒళ్ళో ముడిచి కూర్చోబెట్టుకుని, "నాలుగేళ్ళండీ, టికెట్ లేదు" అంటుంది తల్లి. ఈయన పిల్లాడి ఎదురుగా నిలబడి తన రెండు చెవులూ ఆడిస్తాడు. దేవుడు ఆయనకిచ్చిన వరం అదొక్కటే. పిల్లాడు కిసుక్కున నవ్వుతాడు. చూస్తే ముందు పళ్ళు రెండూ ఉండవు.

"పళ్ళూడిన నాలుగేళ్ళవాణ్ణి ఇదే చూడటం తల్లీ. అర టికెట్ తీసుకో."

పెళ్ళయిన కొత్తలో నాయనమ్మనీ వదల్లేదు. "నీకు నిజంగా పంతొమ్మిదేనా?" అంటూ ఆవిడ ముందు కూర్చుని చెవులాడించాడు. ఆవిడ మూతి బిగించుకుంది. "ఆడించండి, చెవులూడిపోయేదాకా ఆడించండి. నేను పూర్తి టికెట్టునే. మధ్యలో దిగేది కూడా లేదు" అంది. అన్నమాట ప్రకారం దిగలేదు. ఎన్ని గతుకులొచ్చినా అదే సీటు.

ఉద్యోగం ఆగింది గానీ తనిఖీ ఆగలేదు. మంగలి దగ్గరికి వెళితే కత్తి కన్నా ముందు అద్దాన్ని అనుమానిస్తాడు. ఒకసారి డాక్టరు జ్వరమని చెబితే, "ఆ థర్మామీటరు ముందు మీ నోట్లో పెట్టుకుని చూపించండి" అన్నాడు. ఆ డాక్టరు ఇప్పటికీ ఈ వీధి మొహం చూడడు. కోడలు కాపురానికొచ్చిన మొదటి వారం, "మావయ్యగారూ, కాఫీ వేడిగా ఉంది" అంటే, వేలు ముంచి కాల్చుకుని, "నిజమే చెప్పావమ్మా" అని మెచ్చుకున్నాడు. కోడలికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "అలవాటు చేసుకో అమ్మాయ్, నేనూ చేసుకోలేదూ?" అంది నాయనమ్మ.

ఇలాంటి మనిషి చేతిలో పడింది మనవరాలు పిచ్చుక.

కొడుకు పనిచేసే ఆఫీసువాళ్ళు ఏడాదికోసారి బస్సులు మాట్లాడి, ఉద్యోగుల కుటుంబాలన్నిటినీ ఊరి చివరి థీమ్ పార్కుకి తీసుకెళతారు. పిచ్చుకకి నాలుగేళ్ళు నిండిన ఏడు, "ఈసారి మనమూ వెళ్దాం" అన్నాడు కొడుకు. తాతయ్య పేపరు దించి పిల్లని తేరిపార చూశాడు.

"కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకో."

పిచ్చుక చెయ్యి నడినెత్తి దగ్గర ఆగిపోయింది. ఎలాగోలా తల వంచి చెవి అందుకుంది.

"తల వంచావు. చెల్లదు. ఇంకా వయసు రాలేదు."

"నాన్నా, ఇది పార్కు, పరీక్ష కాదు" అన్నాడు కొడుకు.

"పార్కులో తప్పిపోతే పరీక్షే" అన్నాడు తాతయ్య. ఆ ఏడు ప్రయాణం గోవింద.

మరుసటి ఏడు పిచ్చుకకి చెవి అందింది. తాతయ్య చెవులాడించి నవ్వించి, నోట్లోకి తొంగిచూశాడు. "అన్నీ పాలపళ్ళే. ఇంకా వయసు రాలేదు." ఆ పైఏటికి పన్ను ఊడింది. అప్పుడు క్యూ పరీక్ష పెట్టాడు. పార్కులో గంటలకొద్దీ నిలబడాలి, పిల్ల నిలబడగలదా? పొద్దున్న ఇంటిల్లిపాదినీ స్నానాల గది ముందు వరసలో నిలబెట్టి, అందరికన్నా వెనక పిచ్చుకని నిలబెట్టాడు. పిచ్చుక బంగారంలా నిలబడింది. మధ్యలో "నాకు అర్జెంటు" అని వరస తప్పినవాడు తాతయ్యే. అయినా ఫలితం మారలేదు. "ఇల్లు కాబట్టి నిలబడింది. ఇంకా వయసు రాలేదు."

ఇప్పుడు పిల్లకి ఏడు. కొడుకు ఆఫీసువాళ్ళ పిల్లలు దాన్ని చూస్తే చాలు, "పాలపిల్ల, పాలపిల్ల" అని వెక్కిరిస్తున్నారు. "ఈసారి కూడా వెళ్ళకపోతే నేను తలెత్తుకోలేను" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఈసారి ఎలాగైనా తీసుకెళ్ళాల్సిందేనని ఇంట్లో అందరూ ఏకమయ్యారు.

తాతయ్య ఒప్పుకున్నాడు, ఇంకొక్క పరీక్ష నెగ్గితేనే అన్న షరతు మీద. మర్నాడు సాయంత్రం పిచ్చుక గేటు దగ్గర ఆడుకుంటుంటే, నల్ల కళ్ళద్దాలు, మెడచుట్టూ మఫ్లరు, కొడుకు రెయిన్‌కోటు వేసుకుని, ఇంకా చల్లారని ఎండలో ఒక ఆసామి వచ్చాడు. గొంతు మార్చి, "పాపా, చాక్లెట్ ఇస్తాను, నాతో వస్తావా?" అన్నాడు.

"తాతయ్యా, చెప్పులు మార్చుకోవడం మర్చిపోయావు" అని పిచ్చుక చాక్లెట్ తీసుకుంది.

ఆసామి మఫ్లరు పీకేసి ఇంట్లోకి పరిగెత్తాడు. "చూశారా? ఎవరిస్తే వాళ్ళ దగ్గర తీసుకుంటోంది!"

"మీరని తెలిసే తీసుకుంది" అంది నాయనమ్మ.

"రేపు నాలాంటివాడే ఇంకొకడొస్తే?"

"మీలాంటివాడు లోకంలో ఇంకొకడు లేడు. ఆ భరోసా నాది."

అందరూ నవ్వారు. కానీ నవ్వుతూనే నాయనమ్మ ఒక సంగతి గమనించింది. "ఇంకా వయసు రాలేదు" అని తాతయ్య తీర్పు చెప్పగానే, కొడుకు చిందులు తొక్కుతాడు, కోడలు మూతి ముడుచుకుంటుంది. ఏడవాల్సిన పిల్ల మాత్రం ఏడవదు. పైగా హాయిగా ఊపిరి పీల్చుకుని బొమ్మల దగ్గరికి పోతుంది. ఇదేం చోద్యం? ఇంతకాలం అనుమానంతో కాపురం చేసిన మనిషికి ఆ జబ్బు అంటకుండా ఉంటుందా? నాయనమ్మ ఆ రోజునుంచి కళ్ళు రెండూ మొగుడి మీద పెట్టింది.

పెట్టీ పెట్టగానే దొరికాడు. ఆదివారం పొద్దున్నే తల దువ్వుకుని, "పెన్షను ఆఫీసుకి వెళ్ళొస్తా" అన్నాడు. ఆదివారం పెన్షను ఆఫీసులో పిల్లులు తప్ప ఎవరుంటారు? ఆవిడ పోనిచ్చింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. జుట్టు తడిసి ఉంది, మొహం ఉతికి ఆరేసిన గుడ్డలా తెల్లగా ఉంది. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. భోజనం వద్దన్నాడు. ఉడుకెత్తిపోతున్న రోజున పొడుగుచేతుల చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు.

"చెయ్యి చూపించండి."

"ఎందుకూ? చెయ్యి బానే ఉంది."

"బాగుంటే చూపించడానికేం?"

బొత్తాం లాగేసరికి మణికట్టుకి అంటించిన కాగితపు పట్టీ బయటపడింది. గులాబీరంగు పట్టీ.

"ఆసుపత్రిలో కట్టారే" అన్నాడాయన నేల చూస్తూ.

"ఏ ఆసుపత్రిలో అండీ, రోగులకి గెంతుతున్న ఏనుగు బొమ్మ కడతారు?"

ఇంకేముంది! ఇల్లంతా పోగయింది. ఆ ఏనుగు థీమ్ పార్కు గేటు మీది ఏనుగని కొడుకు పోల్చాడు. వాడి మొహం ఎర్రబడింది. "నాన్నా! పిల్లకి వయసు రాలేదని మూడేళ్ళు ఆపి, నువ్వొక్కడివీ షికార్లు చేస్తున్నావా?"

"మావయ్యగారూ, ఇది అన్యాయమండీ" అంది కోడలు.

తాతయ్య నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ పిచ్చుకవైపు చూశాడు. పిచ్చుక కళ్ళు పెద్దవి చేసి, తల అడ్డంగా ఒక్క పిసరు ఊపింది. తాతయ్య నోరు మూసుకుని, గొంతు సవరించుకుని, పూర్వపు ఉద్యోగపు గొంతుతో అన్నాడు:

"అవును, వెళ్ళాను. నాకు వయసొచ్చింది. దానికి రాలేదు."

కొడుకు విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. కోడలు వంటింట్లో గిన్నెలతో మాట్లాడింది. నాయనమ్మ తిట్టడానికి అంతా సిద్ధం చేసుకుని కూడా తిట్టలేదు. ఆ పిసరంత తల ఊపు ఆవిడ కంటపడింది.

కాసేపటికి బట్టలు తియ్యడానికి మేడమీదికి వెళ్ళింది. ఆరేసిన దుప్పటికి అవతల గుసగుసలు వినిపించాయి. దుప్పటి ఇంకా తడిగా ఉందేమోనని పట్టుకుని చూస్తున్నట్టు అక్కడే నిలబడిపోయింది. ఎంతసేపు పట్టుకుంటే అంత బాగా ఆరుతుంది కదా.

"పెద్ద చక్రం ఎలా ఉంది తాతయ్యా?"

"ఎక్కేటప్పుడు బానే ఉంటుంది. దిగేటప్పుడు ఒళ్ళు ముందొచ్చేస్తుంది, కడుపు పైనే ఉండిపోతుంది."

"ఏడ్చావా?"

"కొంచెం."

"ఎవరైనా చూశారా?"

"పక్కన కాలేజీ కుర్రాడున్నాడు. వాడూ ఏడుస్తున్నాడు, నన్ను చూసే తీరికేదీ?"

పిచ్చుక కిచకిచ నవ్వింది. "ఊగే పడవ?"

"పడవ పరవాలేదు. చివర్లో కూర్చోకు. మధ్యలో కూర్చుంటే ఉయ్యాలే. నీళ్ళ జారుడుబల్లకి మాత్రం పోయిన ఆదివారం ఒకసారి, ఇవాళ ఒకసారి ఎక్కి చూశాను. ముక్కు మూసుకుంటే ఏం కాదు."

తర్వాత పిచ్చుక గొంతు చిన్నదైంది. "నాకు భయమని నాన్నకి చెప్పేశావా?"

"చెప్పనని మాటిచ్చాను కదే. నీకు నాలుగేళ్ళప్పుడు బజార్లో బొమ్మగుర్రం మీద ఎక్కించి మీట నొక్కగానే నువ్వు కెవ్వుమంటే, చుట్టూ పిల్లలు నవ్వితే, ఏమన్నావు నాతో?"

"ఎవరికీ చెప్పొద్దన్నాను."

"చెప్పానా?"

"లేదు. కానీ అందరూ నిన్ను తిడుతున్నారుగా."

"పిచ్చిదానా, నన్ను తిట్టడానికి ఒకప్పుడు బస్సునిండా జనం ఉండేవాళ్ళు. ఇంట్లో ముగ్గురు ఏ మూలకి? పైగా మీ నాయనమ్మ తిట్లు అలవాటు. ఆవిడ తిట్టకపోతేనే నాకు అనుమానం. ఇవాళ తిట్టలేదు చూడు, అదే కంగారుగా ఉంది."

దుప్పటి ఇవతల నాయనమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాతయ్యా, మధ్యలో కూర్చుంటే ఉయ్యాలేగా?"

"నేను కూర్చుని మరీ చూశాను."

"అయితే... నాకు వయసొచ్చినట్టుంది."

"తొందరలేదు. వచ్చే ఏడు ఇంకో పరీక్ష పెడతాను. కొత్తది ఆలోచించి ఉంచాను."

"వద్దు తాతయ్యా. వచ్చేసింది."

భోజనాల దగ్గర తాతయ్య గ్లాసు మీద చెంచాతో టంగుమని కొట్టి ప్రకటించాడు. "తనిఖీ పూర్తయింది. పిల్లకి వయసొచ్చింది."

"తిడితే గానీ దారికి రారు" అన్నాడు కొడుకు గర్వంగా. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆయన ఆవిడవైపు అనుమానంగా చూశాడు. ఆవిడ గబగబా, "తినండి, నా మొహంలో ఏముంది?" అని కసిరింది. ఆయన మనసు కుదుటపడింది.

పార్కులో పిచ్చుక బొమ్మగుర్రాలతో మొదలుపెట్టింది. పడవలో సరిగ్గా మధ్యలో కూర్చుంది. నీళ్ళ జారుడుబల్ల మీద ముక్కు మూసుకుంది. "పాలపిల్ల" అన్న పిల్లల్లో ఒకడు పడవ చివర్లో కూర్చుని వాంతి చేసుకుంటే, వాడికి తన రుమాలు ఇచ్చి, "మధ్యలో కూర్చోవాలి, తెలీదా?" అంది పెద్ద ఆరిందాలా. నాయనమ్మ మాత్రం ఆఫీసువాళ్ళ ఆడవాళ్ళ మధ్య ఊరుకోలేదు. "ఇవేం చక్రాలు? నా వయసులో ఉన్నవాళ్ళు ఇలాంటివి నాలుగు ఎక్కి దిగుతారు" అని పొద్దుటినుంచీ కోతలు కోసింది. కోసినవాళ్ళు మోయక తప్పదు. సాయంత్రానికి అందరూ పెద్ద చక్రం కింద చేరారు.

"నాయనమ్మా, నువ్వు నా పక్కన!" అని పిచ్చుక చెయ్యి పట్టుకు లాగింది.

నాయనమ్మ తలెత్తింది. పైనున్న తొట్టి ఆకాశంలో పావలాబిళ్ళంత ఉంది. చెప్పులు నేలకి అతుక్కుపోయాయి. వెనక ఆఫీసు ఆడవాళ్ళంతా, "ఎక్కండి పెద్దమ్మా, ఎక్కండి!" అంటున్నారు. ఇంత నోరు పెట్టుకుని బతికిన మనిషి, ఇప్పుడు భయమని ఆ నోటితో ఎలా చెబుతుంది?

అంతలో వెనకనుంచి ఖంగుమని పాత ఉద్యోగపు గొంతు వినిపించింది.

"ఏయ్ బాబూ, ఆవిణ్ణి ఎక్కించకు. ఇంకా వయసు రాలేదు."

చక్రం తిప్పేవాడు నోరు తెరిచాడు. "అదేంటి తాతగారూ! అరవై దాటిన పెద్దావిడకి..."

"చూపులకి అలా ఉంటుంది. నేను తనిఖీ చేశాను. తర్వాత ఏదైనా జరిగితే నీదే పూచీ."

జనం ఘొల్లుమన్నారు. కొడుకు తల పట్టుకున్నాడు. "ఇక్కడ కూడానా నాన్నా! ఎప్పటికి మారతావు?" అని, పిచ్చుకనీ పెళ్ళాన్నీ తీసుకుని తొట్టిలోకి ఎక్కాడు. "పాపం పెద్దమ్మ, ఎక్కేదే, ఆయన చాదస్తం వల్ల..." అని ఆడవాళ్ళు జాలిపడ్డారు. పిచ్చుక ఒక్కర్తే తాతయ్యవైపు చూసి, నాయనమ్మవైపు చూసి, ఏమీ తెలియనట్టు కాళ్ళూపుకుంటూ కూర్చుంది. చక్రం కదిలింది.

నాయనమ్మ, తాతయ్య బెంచీ మీద కూర్చున్నారు.

"ఏమే, తిట్టవా?" అన్నాడాయన బెదురుగా.

"ఎందుకూ తిట్టడం? రూలు రూలే కదా" అంది ఆవిడ. అని, అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుని ఆయనకి చూపించింది.

తాతయ్య కళ్ళద్దాలు సర్దుకుని అటునుంచీ ఇటునుంచీ పరీక్షగా చూశాడు.

"తల వంచావు. చెల్లదు. వచ్చే ఏడు చూద్దాం" అని, రెండు చెవులూ ఆడించాడు.

పెళ్ళయిన కొత్తలో బిగించిన మూతి, నాయనమ్మ అప్పుడు వదిలింది.