మూడోసారి రాని ముక్క

ఆ కాలేజీ మాటెత్తితే చాలు, మట్టం మేస్త్రీ మొహం చేదుమాత్ర నమిలినట్టు అయిపోతుంది.

మట్టం పెట్టి చూడందే ఒక్క టైలు కూడా అతికించడు కాబట్టి అతనికా పేరు. ఇరవై ఆరేళ్ళుగా మోకాళ్ళ మీదే బతుకు. పైకి మెరిసే ఇళ్ళలో స్నానాలగదులు ఎంత కంపు కొడతాయో అతని ముక్కుకి తెలుసు. అందుకే మనుషుల మీద పెద్ద ఆశలేం ఉండేవి కావు. ఆశ పెట్టించింది లెక్కల మేడమే.

కాలేజీలో లెక్కల విభాగం ముందున్న పొడుగాటి వరండాకి నలుపు, తెలుపు టైల్స్‌తో అడ్డపట్టీలు వేయాలి. మేడం కాగితం పట్టుకొచ్చి అతని పక్కనే నేల మీద కూర్చుంది.

“ముందొక నల్లపట్టీ వేయండి మేస్త్రీ. పక్కన తెల్లది. ఇప్పుడు ఆ రెండింటికీ రంగులు తిప్పి, పక్కన వేయండి. నాలుగయ్యాయా? ఆ నాలుగింటికీ మళ్ళీ తిప్పండి.”

“ఎందాకా మేడం?”

“గోడ అడ్డొచ్చేదాకా. గోడే లేకపోతే దీనికి ముగింపు లేదు. మా లెక్కల్లో దీన్ని అంతం లేని పదం అంటాం. ఉన్నవి రెండే అక్షరాలు, నలుపూ తెలుపూ. అయినా ఎంత దూరం పోయినా, పొట్టిదైనా పొడుగుదైనా ఏ ముక్కా వెంటవెంటనే మూడుసార్లు రాదు. రెండుసార్లు వస్తే వస్తుంది, అంతే.”

మూడోరోజుకి అతనికి కాగితంతో పని లేకపోయింది. ఒకచోట మూడో నలుపు పెట్టబోతూ చెయ్యి ఠక్కున ఆగింది. వెనక్కి చూస్తే, తిప్పాల్సిన రంగొకటి తిప్పలేదు. ఊడదీసి మళ్ళీ వేశాడు. ఆ సంగతి ఇంట్లో చెబితే, “ఇన్నాళ్ళకి నీకూ చదువబ్బింది,” అని భార్య నవ్వింది.

పని సగమయ్యాక కాలేజీ సెక్రటరీ వచ్చాడు. బురద బూట్లతో తిన్నగా తడి సిమెంటు మీదికే నడిచాడు.

“ఏంటిది? ఒకచోట ఒకటి, ఇంకోచోట రెండు! తాగి వేశాడా వీడు?” అంటూ సిగరెట్టు బూడిద తెల్లపట్టీ మీద దులిపాడు.

మేస్త్రీ అక్కడే ఉన్న మేడం వంక చూశాడు. ఆవిడ నోరు విప్పితే గొడవ తీరిపోతుంది. ఆవిడ విప్పింది కూడా.

“పనివాళ్ళ పొరపాటు సార్. నేను సరిగ్గానే చెప్పాను.”

మేస్త్రీ జేబు మీద చెయ్యి వేశాడు. “మీరు రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంది మేడం,” అన్నాడు.

ఆవిడ వినబడనట్టు చెప్పు మీది సిమెంటు చుక్కని తుడుచుకుంది. వేసినవి పీకించి ఒకటి నలుపు, ఒకటి తెలుపు వేయించమని, పని ఒప్పుకున్న కాంట్రాక్టరుకి చెప్పి సెక్రటరీ వెళ్ళిపోయాడు.

“వేసెయ్యవయ్యా, నీదేం పోయింది?” అన్నాడు కాంట్రాక్టరు.

“తప్పయితే నేనే పీకేవాణ్ణి. అది తప్పు కాదు,” అని మేస్త్రీ సామాను సర్దుకున్నాడు.

గేటు దగ్గర మేడం వెంటబడి వచ్చింది. “ఏమీ అనుకోకండి. నా ప్రమోషన్ కాగితాలు ఆయన బల్ల మీదున్నాయి.”

మేస్త్రీ జేబులోంచి కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, గబుక్కున సంచిలో కుక్కుకుంది. అది చూశాక అతనికి మరీ రోత పుట్టింది.

ఆ రోజు అన్నం సయించలేదు. “తెలియనోడు తిడితే దులిపేసుకుంటామే. అన్నీ తెలిసిన మనిషి...” అని పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

వారంలో ఇంకో మేస్త్రీ ఆ వరండా పూర్తిచేశాడు. ఇతను ఆస్పత్రి మరుగుదొడ్ల పని ఒప్పుకున్నాడు. రెండేళ్ళ తర్వాత కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. మేడం ఇప్పుడు విభాగానికి హెడ్డట, కొత్తిల్లు కడుతోందట, వంటగదికి టైల్స్ అతనే వేయాలందట.

మేస్త్రీ ఫోను కట్టేసి, బయటికెళ్ళి కాండ్రించి ఉమ్మి, వచ్చి పనిలో కూర్చున్నాడు.