జెన లేని చేపలు

విస్సన్నపేట రోడ్డులో మామిడితోటల మధ్య ఒక చిన్న మందుల ఫ్యాక్టరీ ఉండేది. ఎనభైల మొదట్లో నేను అందులో కెమిస్టుని. ఆడవాళ్లు గర్భం రాకుండా వాడే హార్మోను మాత్రలు తయారుచేసేవాళ్లం. యంత్రాలు కడిగిన నీళ్లు కాలువలో పడి, తోటల కింద చెరువులో కలిసేవి. తేటగానే కనిపించేవి కాబట్టి వాటి గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ చెరువులో చేపలు పట్టి అమ్ముకునే ఒకావిడ మా క్వార్టర్సుకి వచ్చేది. చేప కడుపులోని గుడ్లని మా వైపు జెన అంటాం. తొలకరి పడగానే నా భార్య కోసం జెన ఉన్న చేపలు ఏరి తెచ్చేది. ఒక ఏడాది తేలేదు. మరుసటేడూ తేలేదు. నా భార్య నిష్ఠూరమాడితే ఆవిడ గుమ్మం ముందు కత్తిపీట వేసుకుని, నన్ను కూడా పిలిచి, తెచ్చిన కొర్రమేనులన్నీ కోసి చూపించింది. ఒక్కదానిలోనూ గుడ్లు లేవు. ఉండాల్సిన చోట సన్నటి దారప్పోగులాంటిది ఉంది.

"పిల్ల చేప కూడా కనబడ్డంలేదండీ. మీరు చదువుకున్నోళ్లు కదా, మా చెరువుకి ఏంటండీ జబ్బు?" అంది.

నాకు తెలియదన్నాను. కానీ మేం చేసే మాత్ర ఒంట్లో ఏం పని చేస్తుందో ఆ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

ఓనరుతో చెప్పాను. చేపల కోసం ఫ్యాక్టరీ మూసుకోమంటావా అని నవ్వాడు. అది మా నీళ్ల వల్లేనని రుజువు చేయడానికి నా దగ్గర ఏ పరీక్షా లేదు. నెల్లాళ్లు వెంటపడితే, కడుగునీళ్లు ఎండకి ఇగిరిపోయేలా సిమెంటు తొట్టి కట్టించడానికి ఒప్పుకున్నాడు.

తొట్టి కట్టాక ఆవిడ ఇంటికి వెళ్లి, అన్నాళ్లూ కాలువలోకి మేం వదిలిందేంటో చెప్పాను. అప్పటికి ఆవిడ చేపలు మానేసి మామిడికాయల కోతకి పోతోంది. తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"తెలిసి చేశారా?"

"తెలుసుకోవాల్సింది. తెలుసుకోలేదమ్మా."

ఆవిడ తలూపి, లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లు చెరువు అలాగే ఉంది. మూడో ఏడు తొలకరికి ఆవిడ మళ్లీ వల వేసి, కడుపు బరువుగా ఉన్న రెండు కొర్రమేనుల్ని బిందెలో తెచ్చి మాకు చూపించింది.

"ఈ ఏడు అమ్మనండీ, గుడ్లు పెట్టుకోనివ్వండి" అని, మళ్లీ చెరువులో వదలడానికి తీసుకెళ్లిపోయింది.