నీళ్ల డ్రమ్ము దగ్గర డ్యూటీ

పొద్దున ఆరింటికి ట్రాక్టర్ మమ్మల్ని మూతబడ్డ బంగారు గని సైనైడ్ దిబ్బ కింద దించింది. ఎండాకాలం. తెల్లటి దుమ్ము. కళ్లకు అద్దాలు, మూతికి గుడ్డ, కాళ్లకు రబ్బరు బూట్లు ఇచ్చారు. మా ఆయన మిలిటరీ నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా కొండల మీది డ్యూటీ గురించి చెప్పేవాడు. ఆయన పోయాడు. ఇంక నా డ్యూటీ నేనే చెప్పాలి.

సోలార్ కరెంటు తీగలు మోసే టవర్‌కు పునాది వేయాలి. గనిలోంచి వచ్చిన ఆ మట్టి మామూలుది కాదు. వాన పడితే పులుపెక్కుతుంది. యాసిడ్ లాగా కాంక్రీటును కొరికి, లోపలి ఇనుప కమ్మీని తినేస్తుంది. ముందు వేసిన పునాది అట్లే పగిలింది. ఇదీ పగిలితే లైను వేరే దారిన పోతుంది. ఆండర్సన్‌పేట నుంచి వచ్చిన మా గుంపుకు పని ఉండదు.

ఇంజనీర్ మేడం కొత్త కాంక్రీటు కలుపు తెచ్చారు. సిమెంటు కొంచెం తగ్గించి బొగ్గు బూడిద. నీళ్లు మరీ తక్కువ. నన్ను డ్రమ్ము దగ్గర నిలబెట్టారు.

"అమ్మా, కొలత దాటి ఒక్క మగ్గు కూడా పోనీయద్దు. నీళ్లు ఎక్కువైతే లోపల సన్న బొక్కలు మిగులుతాయి. వాటెంబడే పులుపు దిగుతుంది."

మాకు ఇళ్లు కట్టే అలవాటు. ముద్ద బిగుసుకుంటే ఒక మగ్గు పోసి జారుడు చేసుకుంటాం. పదకొండింటికి ఎండ ముదిరింది. ముద్ద పారను వదలడం లేదు. మగ్గు పట్టుకుని వచ్చింది ఎవరనుకున్నారు? నా తోడికోడలే.

"అక్కా, ఒక్క మగ్గు. నడుము ఇరుగుతా ఉండాది."

"ఇయ్యను."

"యాడ నేర్చినావు ఈ పెత్తనం? మిలిటరీవాడి పెండ్లామని తుపాకి ఇచ్చినారా?"

"తుపాకి ఉండింటే ఈ పాటికి నువ్వు ఉరుకుతా ఉందువు. పోవే!"

మేస్త్రీ నవ్వాడు. "ఇంగ బార్డర్ మూసేసినారప్పా! వైబ్రేటర్ మిషను పెట్టి కదపండి, ముద్ద అదే కూసుంటాది."

కూర్చుంది. కానీ పునాదికి తడి గోనెలు కప్పి నీళ్లు చల్లినన్ని రోజులూ తోడికోడలు నాతో మాట్లాడలేదు.

వానలు వచ్చి పోయాక మేడం పునాది పక్కన గుంత తవ్వించారు. పులుపుకు మట్టి పసుపెక్కి ఉంది. కాంక్రీటుకు ఒక్క బీట లేదు. తుప్పు మరక లేదు.

"మిగతా టవర్లన్నీ ఇదే కలుపుతో. మీ గుంపే!" అన్నారు మేడం.

సాయంత్రం ట్రాక్టర్‌లో ఇంటికి వచ్చాం. దారంతా కేకలు, పాటలు.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఒకటే కనిపిస్తుంది. ఆ గుంతలో కొంగు బిగించి నా తోడికోడలు. చేతికందిన రాయి ఎత్తి పునాదిని ఒక్క దెబ్బ కొట్టింది. రాయి రెండు ముక్కలైంది. దుమ్ము పట్టిన ముఖంతో నా వైపు చూసి పగలబడి నవ్వుతోంది.