ఆకేసినాక ఎట్ల లేస్తాం

నాకు దారులు తెలియవని మా మామగారు ఎప్పుడో తీర్పు చెప్పేశారు. తిరుపతిలో ఇన్నేళ్లుగా కాపురం ఉంటున్నా, నేను కూరగాయలకు బయలుదేరితే చాలు, "సందు మొగదల ఎవురినైనా అడిగి పో అబ్బా" అనేవారు. దీనికంతటికీ మూలం నా పెళ్లి.

ఆడపెళ్లివారిది నగరి దగ్గర పల్లె. మేము చిత్తూరు నుంచి వ్యానులో బయలుదేరాము. పెళ్లికొడుకునని నన్ను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. పుత్తూరు దాటాక అడ్డరోడ్డు దగ్గర డ్రైవరు నా వైపు చూశాడు. నేను ఎడమకు చెయ్యి చూపాను. ఇప్పటికీ అంటాను, తప్పు అడిగినవాడిది. పెళ్లిరోజు పెళ్లికొడుకుకు తన పేరే సరిగ్గా గుర్తుండదు, దారి ఏం గుర్తుంటుంది?

ఎడమ దారి చివర పందిరి, అరటి బోదెలు, మైకు అన్నీ ఉన్నాయి. పన్నీరు చల్లి, కాళ్లకు నీళ్లిచ్చి, వరసగా కూర్చోబెట్టి ఆకులు వేశారు. రెండో ఇడ్లీ తింటుండగా ఒక పెద్దమ్మ నా మొహంలోకి వంగి చూసింది.

"ఏమప్పా, సూపులనాడు పెండ్లికొడుక్కి మీసం లేదే?"

అది వేరేవాళ్ల పెళ్లి. వాళ్ల పెళ్లికొడుకు వ్యాను ఇంకా రాలేదు. ఆ క్షణమే లేవాల్సింది, కానీ అప్పుడే ఆకులో వేడి పొంగలి పడింది. వడ్డించిన ఆకు ముందు నుంచి లేస్తే అన్నానికి అవమానమని మా నాయనమ్మ నేర్పింది. పొంగలి, వడ, కేసరి ముగించి, చెయ్యి కడుక్కుని అసలు ఊరికి చేరేసరికి మా మామగారు ఊరి మొదట్లో పూలదండ పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నారు. దండ వాడిపోయింది. పెళ్లికొడుకు పారిపోయాడని ఊళ్లో సగం మంది అప్పటికే అనేశారు. "ఆకేసినాక ఎట్ల లేస్తాం మామా" అన్నాను. ఆయన దండ నా మెడలో వేశారు గానీ, ఆ మాటను మాత్రం క్షమించలేదు.

తర్వాత చాలా ఏళ్లకు, రెండువేల సంవత్సరం దాటాక, ఒక కార్తీకంలో మా బావమరిది బెంగళూరు నుంచి అరచేతిలో పట్టే జీపీఎస్ యంత్రం ఒకటి తెచ్చాడు. జియోక్యాషింగ్ అనే ఆట ఉందట. ఎవరో ఒక డబ్బాను యాడనో దాచిపెట్టి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు యంత్రంలో బాణం చూసుకుంటూ వెతికి పట్టుకోవాలి. డబ్బాలో ఒక వస్తువు పెట్టి ఒకటి తీసుకోవచ్చు. తలకోన పైన, అభయారణ్యం లోపల అలాంటి డబ్బా ఒకటి ఉందన్నాడు. "డబ్బా కోసం అడివికి పోవడమేంరా" అని మామగారు ముందు కొట్టిపారేశారు. కార్తీక వనభోజనం కూడా అయిపోతుంది నాయనా అని మా ఆవిడ అనేసరికి మెత్తబడ్డారు.

ఆ రోజు మిద్దె మీద నలుగురం కూర్చుని పథకం వేశాము. పథకంలో ఎక్కువ భాగం పులిహోరలో పల్లీలా, శనగపప్పా అనే దగ్గరే గడిచింది. చివరికి బావమరిది అసలు సంగతి చెప్పాడు. ఫారెస్టు ఆఫీసువాళ్లు అనుమతి ఇస్తారు, గార్డును తోడు పంపుతారు, కానీ జట్టుకు పెద్ద ఎవరో పేరు చెప్పమన్నారు. యంత్రం పట్టుకునేది కూడా ఆ పెద్దేనట.

"నేనుంటా" అన్నాను.

ముగ్గురూ పులిహోర సంగతి కూడా మర్చిపోయారు.

"అడివిలో దావ తప్పితే ఇడ్లీలు పెట్టరబ్బా" అన్నారు మామగారు. "సిరుతకు మనమే ఇడ్లీలు."

మా ఆవిడ మధ్యలోకి వచ్చింది. "రేపు ఊళ్లోనే ఒక డబ్బా దాచిపెడతాం నాయనా. ఆయన ఎతికి పట్టుకుంటే ఆయనే పెద్ద. లేదంటే పులిహోర గిన్నె మోస్తారు." ఆమె నా పక్షమో, గిన్నె పక్షమో నాకు ఇప్పటికీ తెలియదు.

నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ పెద్దరికం నాకు నిజంగానే కావాలి. ఒక్కసారైనా మామగారు నా వెనక నడవాలని ఉండేది.

మర్నాడు పొద్దున్నే బావమరిది డబ్బా దాచి వచ్చి, ఆ చోటు యంత్రంలో ఎక్కించి ఇచ్చాడు. నేను బయలుదేరాను. మామగారు తెల్లపంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని, జడ్జి మాదిరి నా వెనకే వచ్చారు. నోరు విప్పకూడదని షరతు. యంత్రంతో చిక్కేమిటంటే, దానికి వీధులతో పని లేదు. గోడ ఉన్నా, గొడ్లపాక ఉన్నా తిన్నగా పొమ్మంటుంది. నేను చుట్టూ తిరిగి, మళ్లీ బాణం దగ్గరికి వచ్చి, కొండ పాదం దాకా బాగానే చేరాను. అక్కడ బాణం తిన్నగా ఒక కల్యాణ మంటపంలోకి చూపించింది. లోపల మేళం మోగుతోంది.

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక మామగారు దగ్గారు.

చుట్టూ తిరిగి పోదామంటే ఒక పక్క కాలువ, ఇంకో పక్క ముళ్లకంచె. "మంటపంలో నుంచి పోయి వెనక తలుపున బయటపడదాం మామా" అన్నాను. గుమ్మం దగ్గర పన్నీరు చల్లారు. పట్టుపంచె కట్టుకున్న పెద్దాయన ఒకాయన మామగారి చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఇప్పుడాప్పా వచ్చేది? రాండి రాండి, ఆఖరి పంక్తి."

మామగారికి నోరు విప్పకూడదనే షరతు గుర్తున్నట్టుంది. తల ఊపి లోపలికి నడిచారు. కూర్చోబెట్టారు, ఆకు వేశారు, ఇడ్లీ పడింది. నేను పక్కన కూర్చుని, చెవిలో మెల్లగా, "లేద్దామా మామా?" అన్నాను.

ఆయన ఆకు వైపు చూశారు. పొంగలి బకెట్టు వచ్చి మా ముందు ఆగింది. ఆయన నా మొహం చూసి, తల వంచుకున్నారు.

"ఆకేసినాక ఎట్ల లేస్తాం" అన్నారు.

పక్కనున్నాయన మా వైపు తిరిగాడు. "మీరెవురి తరపప్పా?"

నేను గబుక్కున ఇడ్లీ నోట్లో కుక్కుకున్నాను. మామగారు మాత్రం తాపీగా నీళ్లు తాగారు.

"మా అల్లుడు తోడుకొచ్చినాడు" అన్నారు.

తిన్నాక ఊరికే పోకూడదని ఇద్దరం పోయి వధూవరుల మీద అక్షింతలు వేసి, వంటశాల వెనక తలుపున బయటపడ్డాము. కంచె పక్కన బండ కింద మా ఇంటి ఊరగాయ డబ్బా దొరికింది. అందులో మా ఆవిడ దువ్వెన ఉంది. దాన్ని నేను తీసుకున్నాను. పెళ్లివాళ్లు ఇచ్చిన తాంబూలంలోని కొబ్బరికాయను మామగారు అందులో కుక్కబోతే పట్టలేదు. వక్కలు పెట్టాము.

ఇంటికి వచ్చాక, "పెద్ద ఎవురు నాయనా?" అని బావమరిది అడిగాడు.

"ఆయప్పే" అన్నారు మామగారు. "అడివిలో ఆకేసేవాళ్లు ఎవురూ ఉండరు గదా, దావ తప్పడు."

తర్వాతి ఆదివారం తలకోన పైన అడవిలో ముందు గార్డు, వెనక నేను, నా వెనక మామగారు, చివర పులిహోర గిన్నెతో బావమరిది, మా ఆవిడ నడిచాము. ఒకచోట దారి రెండుగా చీలింది. గార్డు కుడివైపు తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు. అతనికి ఆ అడవి ఇంటి పెరటిలాంటిది. మామగారు మాత్రం కదల్లేదు. గొడుగు నేలకు ఆనించి నిలబడి, "యాడికబ్బా?" అని నన్ను అడిగారు. నేను బాణం చూసి కుడివైపు అన్నాను. అప్పుడు నడిచారు.