అల్లుడు పడుకుంటే నేనూ పడుకున్నట్టే

మా ఆయన చెంజెరాయ్ గ్వేరు ఊళ్లో ఒక క్లినిక్‌లో నర్సు. దిగులు జబ్బుతో వచ్చినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడిస్తాడు, అవసరమైతే మందులిప్పించి మామూలు మనుషుల్ని చేస్తాడు. ఆ జబ్బే మా అమ్మతోపాటు వచ్చి మా వంటింట్లో కూర్చుంది. అమ్మ మొక్కజొన్న పిండితో చేసిన సద్జా ముద్ద ముట్టదు. ఒళ్లో చాటెడు వేరుశనక్కాయలు పెట్టుకుని ఒక్కటీ ఒలవదు. తెల్లవార్లూ మేలుకునే ఉంటుంది.

"ముసలితనం కాదు నెట్సాయ్, ఇది దిగులు జబ్బు. తగ్గుతుంది" అన్నాడాయన.

కానీ మా షోనా వాళ్లలో అల్లుడు అత్తకి ఎదురుగా కూర్చోకూడదు, ఆమె మనసులో మాట అడగకూడదు. నేనడిగితే "నాకేం రోగం?" అని కసిరింది. క్లినిక్‌కి రమ్మంటే రాదు.

చివరికి ఆయన గుమ్మం అవతల నేలమీద కూర్చుని, మర్యాదకు మెల్లగా చప్పట్లు తట్టి, నాచేత అడిగించాడు: "అత్తయ్య రాత్రి పడుకున్నారా?"

పొద్దున్నే మావాళ్లు ఎవరినైనా పలకరించే మాట అదే. జవాబూ అందరిదీ ఒకటే.

"అల్లుడు పడుకుంటే నేనూ పడుకున్నట్టేనని చెప్పు" అంది అమ్మ.

రోజూ ఇదే తంతు. నాకు ఒళ్లు మండింది. "పడుకోలేదని నువ్వే చెప్పి చూడు, అప్పుడేమంటుందో!" అన్నాను ఆయనతో.

మర్నాడు చెప్పాడు. "నేను పడుకోలేదని చెప్పు మీ అమ్మకి." అబద్ధం కాదు మరి, అమ్మ మీద బెంగతో ఆయనకీ నిద్ర పట్టలేదు.

ఎన్నాళ్లకో అమ్మ తలెత్తింది. నా చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది:

"పాపం, అల్లుడికేదో దిగులు పట్టినట్టుందే. నిర్లక్ష్యం చెయ్యకు, ఎవరికైనా చూపించు."