రాసాత్తి పొదుగు, మా అత్త చెయ్యి

పోయిన వారం తిరువొత్తియూరులో మా ఆడబిడ్డను చూసి ఆటోలో తిరిగి వస్తూ ఉంటే, రైల్వే గేటుకు ఇవతల ఖాళీ స్థలంలో పందిరి వేసి పశువుల వైద్య శిబిరం పెట్టి ఉన్నారు. పదిపదిహేను ఆవులు, వాటి పలుపులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, మధ్యలో ఇరవై అయిదేళ్ళయినా నిండని ఒక డాక్టరమ్మ. నాలుగు గుంటలున్న తెల్లటి పళ్ళెం ఎడమచేత పట్టుకుని, ఒక్కో చన్ను నుంచి ఒక్కో గుంటలోకి రెండు చారలు పాలు పిండి, అందులో ఊదారంగు మందునీళ్ళు పోసి గుండ్రంగా ఆడించింది. మూడు గుంటల్లో పాలు పలచగా కదిలాయి. నాలుగో దాంట్లో మాత్రం గంజిలాగా చిక్కబడి సాగాయి. పైకి వాపు లేదు, ఎరుపు లేదు, ఆవు నెమ్మదిగా నెమరు వేసుకుంటోంది. అయినా ఆ పక్కన పొదుగువాపు లోలోపల మొదలైందనీ, ఇప్పుడే మందు వేస్తే పూర్తిగా నయమవుతుందనీ ఆ పిల్ల ఆవుగల మనిషికి అరవంలో చెబుతూ ఉంది. నేను ఆటో ఆపించి దిగి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి ఆ పందిరి అంచున ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. కంటికి కనబడక ముందే తెలుసుకోవచ్చని ఆ రోజుల్లో మాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

నేను పుట్టి పెరిగింది రాయపురంలో. మా నాన్న హార్బరు గోదాముల్లో లెక్కల గుమాస్తా. మా వీధిలో చేపల బుట్టలే గాని ఆవు అన్నది నేను ఎరగను. పాలు అంటే పొద్దున్నే డిపో ముందు వరసలో నిలబడి తెచ్చుకునే వస్తువు, అంతే. అలాంటిదాన్ని, పందొమ్మిదో ఏట, మూడు ఆవులున్న తిరువొత్తియూరు ఇంటికి కోడలినై వెళ్ళాను. మామగారు నా పెళ్ళికి చాలా ముందే పోయారు. మా ఆయన అంబత్తూరులో లేతు మిషను మీద పని చేసేవారు. పొద్దున టిఫిను క్యారియరు పట్టుకుని బయలుదేరితే చీకటిపడ్డాక ఇల్లు చేరేవారు. ఇల్లూ కొట్టమూ అన్నీ మా అత్త చేతి మీద నడిచేవి. సముద్రం పక్కనే కనుక గాలికి ఎప్పుడూ ఉప్పుచెమ్మ ఉండేది, కొట్టంలో నేల ఒక పట్టాన ఆరేది కాదు, ఆ నేలను పొడిగా ఉంచడమే ఆమె జీవితంలో సగం పని అయిపోయిందని ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది.

ఆమె పొడుగ్గా, ఎముకలు తేలి, ఎక్కువ మాట్లాడని మనిషి. మెచ్చుకోవడం తెలియదు, గట్టిగా తిట్టడమూ లేదు. పాలు పిండే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కునేది. గోళ్ళు నాకు కూడా ఆమే కత్తిరించేది, గోరు గీసుకుంటే చన్ను పగులుతుందని. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, ఒక్కో ఆవుకు వేరే గుడ్డతో తుడిచి, మొదటి రెండు మూడు చారలు చెంబులోకి పిండకుండా ఒక గ్లాసు మీద బిగించి కట్టిన నల్లగుడ్డ మీద పిండేది. ఆ గుడ్డ మామగారి పాత గొడుగులో నుంచి కత్తిరించింది. నలుపు మీద పాలు జారిపోయి ఏమీ మిగలకపోతే మంచిది, తెల్లటి పలుకు ఒక్కటి నిలిచినా ఆ పక్క పొదుగులో ఏదో చెడు చేరిందని అర్థం. పిండడం అయ్యాక ఆవు ముందు గడ్డి వేసి కొంతసేపు నిలబెట్టేది. పాలు పిండిన వెంటనే చన్ను కొన తెరుచుకుని ఉంటుంది, అప్పుడు తడినేల మీద పడుకుంటే లోపలికి మురికి ఎక్కుతుంది అనేది. ఆమె బడికి పోయిన మనిషి కాదు. ఇదంతా ఎవరు నేర్పారో ఎప్పుడూ చెప్పలేదు. నాకూ అడగాలని తోచలేదు.

ఆ మూడింటిలో రాసాత్తి అని ఒక ఎర్రావు ఉండేది. పక్కింటి అరవామె ముద్దుగా పెట్టిన పేరు, రాణి అని అర్థం. మగవాళ్ళు దగ్గరికి వస్తే కాలు విసిరేది, అందుకని దాన్ని మా అత్త తప్ప ఎవరూ పిండేవాళ్ళు కాదు. పెళ్ళయిన రెండేళ్ళకు, నా పెద్దబిడ్డ కడుపులో ఉండగా, అత్త ఆ ఆవును నాకు మచ్చిక చేసింది. బొటనవేలు మడిచి లాగకుండా అరచేయి నిండా పట్టి పిండడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

బిడ్డ పుట్టిన రెండు నెలలకు, నెల్లూరులో మా అత్త అన్నగారు పోయారని కబురు వచ్చింది. మిగతా రెండు ఆవులకు వీధి చివర పాలాయనను కుదిర్చి, రాసాత్తిని నాకు అప్పజెప్పి ఆమె రైలెక్కింది. మూడు రోజులు. మొదటి రోజు ఆమె చెప్పినట్టే అన్నీ చేశాను. రెండో రోజు సాయంత్రం, నేను సగం పిండి ఉన్నానో లేదో, లోపల బిడ్డ గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. వెనక కుడి చన్నులో పాలు ఇంకా ఉన్నాయని నా చేతికి తెలుస్తూనే ఉంది. అయినా లేచిపోయాను. గడ్డి వేయలేదు. బిడ్డను ఊరుకోబెట్టి తిరిగి వచ్చేసరికి రాసాత్తి తడినేల మీద పడుకుని ఉంది.

మరునాడు పొద్దున నల్లగుడ్డ మీద రెండు పలుకులు నిలిచాయి, విరిగిన పాలలో తేలే తరకల్లాగా. నేను వాటిని చూసి, చూడనట్టు గుడ్డ జాడించేశాను. దుమ్ము పడి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు ఆవు గురించి ఆలోచించే ఓపిక లేదు. నాలుగు రోజులుగా నాకే ఎడమ పక్క రొమ్ము పగిలి, బిడ్డ నోరు పెడితే ప్రాణం పోయినట్టుండి, ఆ పక్క పాలు ఇవ్వడం మానేశాను. అది రాయిలాగా గట్టిపడి, వేడెక్కి, ఒళ్ళంతా జ్వరం కాగుతోంది. ఆయనకు చెప్పడానికి సిగ్గు. అమ్మకు చెబుదామంటే రాయపురం దాకా పోవాలి. మా రోజుల్లో అలాంటి మాట నోటితో అనడమే తప్పన్నట్టు పెరిగాం కదా, నా వయసు వాళ్ళకు నేను విడమరిచి చెప్పక్కరలేదు.

ఆ మధ్యాహ్నమే అత్త నెల్లూరు నుంచి వచ్చింది. చేతిసంచి తిన్నె మీద పెట్టి, కాళ్ళయినా కడుక్కోకుండా కొట్టం వైపు చూసింది. రాసాత్తి వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, పొదుగుకు కాలు తగలకుండా నిలబడి ఉంది. తరువాత నా వైపు చూసింది. బిడ్డను కుడిభుజాన వేసుకుని గడపలో నిలబడి ఉన్నాను.

"ఏమ్మే, ఎన్ని దినాలయింది?" అంది.

"ఈ పొద్దుననే అత్తా. గుడ్డ మీద తరకలు పడినాయి. దుమ్మేమో అనుకున్నా" అన్నాను.

"నేనడిగింది ఆవును కాదు. నీకు ఎన్ని దినాలయింది? ఆ చెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకోనుండావే, నాకు కనబడదా?"

ఆమె బిడ్డను తీసుకుని ఉయ్యాలలో వేసి, నన్ను లోపలికి నడిపించి తలుపు మూసింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, రవికె విప్పమంది. పొద్దునా సాయంత్రమూ రాసాత్తి పొదుగు మీద ఆనించే ఆ అరచేతినే, వేళ్ళు గుచ్చుకోకుండా, మెల్లగా నా గుండె మీద ఆనించి గడ్డ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసింది. ఏళ్ళ తరబడి పనికి గరుకెక్కిన చెయ్యి. అంత మెత్తగా నన్ను అంతకు ముందు ఎవరూ తాకలేదు.

"ఆవుకైతే నోరు లేదు. నీకు నోరుండాది కదే" అంది. ఇంకేమీ అనలేదు. అదే ఆమె తిట్టు. నేను ఏడుస్తూనే నిన్న సాయంత్రం పాలు వదిలేసి లేచిన సంగతి, గడ్డి వేయని సంగతి, గుడ్డ జాడించేసిన సంగతి, అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆమె విని, "సరి, అప్పురం చూద్దాం. ముందు పొయ్యి మీద నీళ్ళు పెట్టల్ల" అని లేచింది.

ఆ రోజు మా ఇంట్లో ఒకే గుండిగలో నీళ్ళు కాగాయి. సగం నాకు, సగం రాసాత్తికి. వేడిగుడ్డతో కాపడం పెట్టి, నొప్పి ఉన్నా సరే ముందు ఆ పక్కనే బిడ్డకు పట్టించమని ఆమె నా ఎదురుగా కూర్చుంది. లోపల నిలవ ఉంచితేనే చెడుతుంది, ఖాళీ చేస్తే సర్దుకుంటుందని. నేను పళ్ళు బిగపట్టి ఏడుస్తుంటే నా వీపు నిమురుతూ ఉంది. బిడ్డ నిద్రపోయాక కొట్టంలోకి పోయి రాసాత్తి పక్కన కూర్చుని, ఆ గట్టిపడ్డ పక్క నుంచి పసుపుపచ్చగా విరిగిన పాలు రెండు గంటలకొకసారి పిండి పారబోసింది. కలబందా పసుపూ కాస్త సున్నమూ కలిపి నూరి పట్టు వేసింది. దాంతో ఆగకుండా పశువుల డాక్టరుకు కబురు పెట్టి, సూది వేయించి, చన్నులోకి మందు ఎక్కించింది. మందు నడిచినన్నాళ్ళూ ఆ ఆవు పాలు నాలుగు చన్నులవీ ఎవరికీ పోయలేదు. వాడుక ఇళ్ళవాళ్ళు అడిగితే దాచకుండా చెప్పింది.

మరుసటి రోజు నన్ను రైలెక్కించి రాయపురంలో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ చూసి, ఇంకో రెండు రోజులు ఆలస్యమయి ఉంటే చీము పట్టి కోయవలసి వచ్చేదని, మళ్ళీ ఆ పక్కనే పాలు పట్టించినందువల్లే తప్పిందని, మందులు రాసి ఇచ్చింది. ఎవరు చెప్పారమ్మా మీకు అని అత్తను అడిగితే, "సుమ్మా, ఆవులతో ఉండేవాళ్ళం" అంది, అదేమంత పెద్ద సంగతి కానట్టు.

నాకు వారంలో నయమైంది. రాసాత్తికి కాలేదు. జ్వరం తగ్గింది, మేత తింది, కాని వెనక కుడి చన్ను ఎండిపోయింది. ఇక దాంట్లో పాలు రావని డాక్టరు తేల్చి చెప్పిన రోజు, నేను కొట్టంలోకి వెళ్ళి దాని ముఖం చూడలేక గంగడోలు మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. నాలుగు రోజులకల్లా ఎవరి ద్వారానో విని దళారి ఒకడు వచ్చాడు. అలాంటి ఆవును వాడు ఎక్కడికి తోలుకుపోతాడో అందరికీ తెలుసు. ఆ రోజు ఆదివారం, మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. మేత దండగ, ఇచ్చేద్దామమ్మా, మూడు చన్నుల ఆవును పెట్టుకుని ఏం చేస్తాం అన్నారు.

అత్త తిన్నె మీద కూర్చుని గడ్డి కోస్తోంది. కత్తి ఆపలేదు.

"ఏం రా, మూడుతో ఇయ్యదా అది? నువ్వు ఒకదాంతో పెరగలేదా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, నల్లటి మనిషి కందిపోయి, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. దళారి కూడా నేల చూపులు చూసుకుంటూ లేచాడు. ఆ ఆవును అమ్మే మాట మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం రాసాత్తి దగ్గర ఇద్దరం చెరో పక్కన కూర్చున్నప్పుడు, నన్ను చూడకుండా ఆమె చెప్పింది. మా ఆయన పుట్టిన నెలలో ఆమెకూ ఇలాగే వచ్చిందట. ఇంట్లో అంతా మగవాళ్ళు, చెప్పుకునేందుకు ఆడమనిషి లేదు. సిగ్గుపడి పది రోజులు దాచుకుందట. చీము పట్టి, ఊరి మంత్రసాని కోసి, ఆ పక్క పూర్తిగా పోయింది. "ఒక పక్కతోనే వాణ్ణి సాకినా. వాడికి చాలలేదేమో అని ఈ పొద్దుకీ వాడు అన్నం తింటా ఉంటే చూస్తా కూర్చుంటాను" అంది. ఆయన తింటున్నప్పుడు ఆమె ఎందుకలా ఎదురుగా కూర్చుని ముద్దలు చూస్తుందా అని పెళ్ళయిన కొత్తలో నాకు విసుగ్గా కూడా ఉండేది. ఆ రోజు నుంచి ఆయనకు వడ్డించే గరిటె నేను ఆమె చేతికే ఇచ్చేదాన్ని.

రాసాత్తి ఆ తరువాత ఇంకో నాలుగు ఈతలు ఈనింది. మూడు చన్నులతోనే నా రెండో బిడ్డకు కూడా పాలు ఇచ్చింది. మా వీధిలో ఆవులున్న ఆడవాళ్ళు పొదుగు చూపించడానికి అత్తను పిలుచుకుపోయేవాళ్ళు. ఆవును చూడడం అయ్యాక ఆమె ఆ ఇంట్లో బాలింత ఉంటే లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసేది. నేను కూడా ఆమె వెంట పోతూ పోతూ, చూడడం కొంత నేర్చుకున్నాను.

తరువాత వీధులు ఇరుకైపోయాయి, లారీలు ఎక్కువయ్యాయి, ఊరి మధ్య పశువులు ఉండరాదన్నారు. ఆవులను ఒకటొకటిగా పొన్నేరి పక్కకు తోలేశాం. ఆవులు పోయిన ఏడాదికే అత్త కూడా పోయింది. కొట్టం ఉన్న చోట ఇప్పుడు అపార్టుమెంటువాళ్ళు స్కూటర్లు నిలబెట్టుకుంటున్నారు. మా పిల్లల పిల్లలు వాళ్ళలో వాళ్ళు అరవమే మాట్లాడుకుంటారు. మా అత్త మాట్లాడిన తెలుగు ఇప్పుడు ఇంట్లో నేను ఒక్కదాన్నే మాట్లాడతాను, అదీ విసుగొచ్చినప్పుడు.

మొన్న ఏప్రిల్‌లో నా మనవరాలికి కాన్పయింది. పదో రోజున, నేను పక్కనే ఉండగానే, రొమ్ములో గడ్డ కట్టినట్టుంది, నొప్పిగా ఉంది అని ఫోనులో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పేసింది. గొంతు తగ్గించలేదు, నన్ను చూసి తడబడలేదు. సాయంత్రానికి మందు వచ్చింది, మూడు రోజుల్లో తగ్గిపోయింది. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మేము దాచుకుని పడ్డ బాధ ఈ పిల్లలకు లేదు, ఉండకూడదు కూడా. ఆ రోజు మనవరాలు ఫోను పెట్టేశాక నేను వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, వెచ్చబడే దాకా రెండు అరచేతులూ రుద్దుకున్నాను. తరువాత, ఆ చేతులతో చేయవలసిన పని ఏమీ లేదని గుర్తొచ్చి, కాసేపు అక్కడే నిలబడ్డాను.