గుడికిచ్చిన ఎర్రపెట్ట

మొన్న ముసురు పట్టిన పొద్దున తెనాలి మార్కెట్లో నడుస్తుంటే, గోనెపట్టా కింద సగం తడిసిన ఎండురొయ్యల కుప్ప వాసన ముక్కుకి తగిలి కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. తడిసిన సరుకు కొనేంత తెలివితక్కువదాన్ని కాను గనక బేరం కూడా ఆడకుండా వచ్చేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా ఆ వాసన మాత్రం వదల్లేదు. నా చిన్నప్పుడు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో శనివారం సాయంత్రం మా నాన్న గుమ్మంలో అడుగు పెడితే ఆయన చొక్కా అచ్చం ఇలాగే వాసన వేసేది.

ఎనభైల మొదట్లో మాట ఇది. రేపల్లె స్టేషనుకి నడిచిపోయే దూరంలో, పంటకాలవ గట్టు మీద మా పేట. అన్నీ తాటాకు ఇళ్ళే. ఇటుకలతో కట్టినవి రెండే ఉండేవి, ఒకటి నేను నాలుగో తరగతి దాకా చదివిన బడి, రెండోది మా లూథరన్ సంఘం వాళ్ళ గుడి. చర్చి అనే మాట మాకు పెద్దయ్యాక వచ్చింది. అప్పుడు గుడి అనే అనేవాళ్ళం, పాస్టరుగారిని అయ్యగారు అనేవాళ్ళం. నాట్లు అయిపోయి, కలుపులు అయిపోయి, కోతలు ఇంకా దూరాన ఉండే ఆ రోజుల్లో కూలిపని అనేది ఉండేది కాదు. చేలు పొట్ట మీద ఉండేవి, మా పొట్టలు వీపుకి అంటుకునేవి. అయినా ఏడాదిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలం అదే. పొద్దున్నే వరి ఆకుల మధ్య సాలెగూళ్ళకి నీటిచుక్కలు వేలాడేవి, కాలవ గట్టంతా రెల్లు పూసి తెల్లగా ఊగేది, బోదెల్లో నీళ్ళు తగ్గుతుంటే బురదలో చేతులు పెట్టి చేపపిల్లల్ని పట్టేవాళ్ళం, పాతర వేసిన తాటిటెంకలు మొలకెత్తితే కత్తితో రెండుగా కొట్టి బుర్రగుంజు తవ్వుకుని తినేవాళ్ళం, గుడి మెట్ల మీద అచ్చంగాయలాడుతూ గవ్వలు లేక గులకరాళ్ళతోనే అరిచి పోట్లాడుకునేవాళ్ళం.

మా నాయనమ్మ పొదుపు ముందు నా పొదుపు ఎందుకూ పనికిరాదు. అగ్గిపుల్ల ఖర్చని పక్కింటి పొయ్యిలోంచి కొబ్బరిపీచులో నిప్పు తెచ్చేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన కుడితి, తెగిన తాడు, విరిగిన చాట, ఆవిడ చేతిలో పడితే ఏదీ వృథా అయ్యేది కాదు. వృథా చేసేది ఒక్క వేడి మాత్రమే. నూకల జావ పళ్ళేల్లో పోశాక కళ్ళు మూసుకుని, ఉప్పుకి స్తోత్రం, పుల్లలకి స్తోత్రం, కొడుక్కి స్తోత్రం, కోడలికి స్తోత్రం అంటూ ఆవిడ మొదలుపెడితే, ఆమెన్ అనేసరికి జావ మీద మీగడ కట్టేది. ఒక కన్ను తెరిచి చూసి నేను చాలాసార్లు మొట్టికాయ తిన్నాను. నేను కన్ను తెరిచినట్టు ఆవిడకెలా తెలిసేదో నాకిప్పటికీ తెలీదు.

కానీ ఆ కాలానికి ఇంకో ముఖం ఉండేది. ఉప్పెన మా పక్కనే ఉన్న దివిసీమని తుడిచిపెట్టుకుపోయి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. తూర్పుగాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, పేటలో మాటలు తగ్గిపోయేవి. ఆడవాళ్ళు చాపలు చుట్టి, నూకల మూట పైకెక్కించి, ఆకాశం వంక చూస్తూ కూచునేవాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న నిజాంపట్నం పోయేవాడు. చేపలు ఎండబెట్టే దిబ్బల మీద పని, అది లేనప్పుడు మరబోటు మీద వల లాగే పని. శనివారం సాయంత్రానికి ఇంటికొచ్చి, ఆదివారం గుడికి పోయి, సోమవారం మళ్ళీ వెళ్ళేవాడు.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు, ఒక శుక్రవారం పొద్దున్నే గాలి మొదలైంది. మధ్యాన్నానికి పట్టపగలే చీకటి పడినట్టయింది. పేటంతా గుడిలోకి చేరాం. నాయనమ్మ కొంగు కింద బుట్టలో మా ఎర్రపెట్ట. రోజూ గుడ్డు పెట్టేది, ఆ గుడ్లతోనే మా ఇంటికి ఉప్పు, కిరసనాయిలు వచ్చేవి. బయట ఎవరి ఇంటి కప్పో మొత్తంగా లేచి, రెక్కలు విప్పిన పక్షిలా కాలవ దాటి పోవడం కిటికీలోంచి చూశాను. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా కిటికీ వైపు చూడలేదు. తలుపు వైపే చూస్తూ కూచుంది.

గాలి తగ్గాక చూస్తే మా ఇంటికి గోడలే మిగిలాయి. శనివారం సాయంత్రం నాన్న రాలేదు. రోడ్డు తెగిపోయింది, బస్సుల్లేవు, అందుకే రాలేదని అందరూ అన్నారు, మేమూ అనుకున్నాం. మళ్ళీ శనివారం వచ్చేముందు, సైకిలు మీద చేపలమ్మే మామయ్య నీళ్ళలో సైకిలు నడిపించుకుంటూ పేటకొచ్చాడు. మా గుమ్మం ముందు నిలబడి, సైకిలు వెనక గంప దించకుండానే చెప్పాడు. గాలి ముందు రోజు నాన్న బోటెక్కడం ఆయన కళ్ళారా చూశాడు. బోట్లన్నీ తిరిగొచ్చాయి. ఆ ఒక్క బోటూ రాలేదు.

అమ్మ అక్కడే కూలబడింది. నాయనమ్మ ఆయనకి చెంబుతో మంచినీళ్ళిచ్చి పంపించింది.

ఆదివారం వచ్చింది. మా గుడిలో జ్వరం తగ్గినా, బిడ్డ పుట్టినా, చెట్టుకి మొదటి కాయ కాసినా కృతజ్ఞత కానుక తెచ్చి ముందు పెట్టేవాళ్ళు. ఫలానా దాని నిమిత్తం ఫలానా వారు అని అయ్యగారు పైకి చెప్పేవారు, ఆరాధన అయ్యాక బయట వేలం వేసేవారు. ఆ రోజు కానుకల వేళకి నాయనమ్మ లేచి, కాళ్ళు కట్టిన ఎర్రపెట్టని తీసుకుపోయి ముందు పెట్టింది. అయ్యగారు కాసేపు ఆ పెట్ట వంక చూసి, దేని నిమిత్తమని చెప్పమంటారమ్మా అని మెల్లగా అడిగారు.

"నా కొడుకు నిమిత్తం."

ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ లేచి ఇంటికెళ్ళిపోయింది. వేలంలో గుమ్మడికాయ పోయింది, అరటిగెల పోయింది, పెట్ట దగ్గరికొచ్చేసరికి ఒక్క గొంతు లేవలేదు. బంగారం లాంటి గుడ్లపెట్ట, కానీ ఎవరు పాడతారు దాన్ని? చివరికి అయ్యగారే డబ్బు వేసి తీసుకుని తన దొడ్లో వదిలారు.

ఇంటికొస్తుంటే పక్కింటి ఏస్తేరత్త తడికె మీంచి, దేవుడికి బయానా ఇచ్చొచ్చావంటగా పిన్నీ అంది. ఆవిడ నోరే అంత, మనసు చెడ్డది కాదు. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. రాని మనిషికి ముందే స్తోత్రం చెప్పేశాక, రాకపోతే ఏమవుతుంది? గుడిలో అందరి ముందు చెప్పింది అబద్ధమైపోదా, దేవుడికి కోపం రాదా? అమ్మకి తట్టింది అంతకన్నా భయంకరమైంది. మా పేటలో మనిషి పోతే జ్ఞాపకార్థంగా కూడా కానుక ఇచ్చేవాళ్ళు.

"నీ కొడుకుని అప్పుడే పోయినోళ్ళలో కలిపేశావా అత్తమ్మా?"

నాయనమ్మ కప్పు మీద కప్పాల్సిన తాటాకు తడుపుతూ కూచుంది.

మర్నాడు పొద్దున ఎర్రపెట్ట అయ్యగారి దొడ్డి దాటి, తాపీగా నడుచుకుంటూ మా ఇంటికొచ్చి, తన పాత బుట్టలో కూచుని గుడ్డు పెట్టి, కూతపెట్టుకుంటూ వెళ్ళిపోయింది. అమ్మ ముఖం వెలిగింది. గుడ్డు రెండు చేతుల్లో పట్టుకుని, దేవుడే తిప్పి పంపాడు, ఆయనా వచ్చేస్తాడు అంది. నాయనమ్మ ఆ గుడ్డు తీసి నా చేతిలో పెట్టి, అయ్యగారింట్లో ఇచ్చి రమ్మంది.

"కోడికి గూడు అలవాటు. దేవుడి మాట కోడి నోట వినబాకమ్మా."

అమ్మ వినలేదు. పెట్ట రోజూ వచ్చింది, అమ్మ రోజూ దానికోసం పొద్దున్నుంచీ ఎదురుచూసింది, నేను రోజూ ఆ వెచ్చటి గుడ్డు గుప్పిట్లో పట్టుకుని కడుపు కాలుతుండగా అయ్యగారింటికి మోశాను. దారిలో ఎక్కడన్నా జారిపోతే బాగుండు, నాకైనా పచ్చిగా తాగే వీలుంటుంది అనిపించేది. జారలేదు. నాయనమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండేది.

ఒక రోజు పెట్ట రాలేదు. మధ్యాన్నం దాకా చూసి అమ్మ నన్ను పరిగెత్తించింది. అది ఇల్లు మరిగేదాకా కాలు కట్టేశామని అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, చెప్పింది. ఆ మాటే తెచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ ఖాళీ బుట్ట వంక చూసి, ఇంక రాడు అంది. పొయ్యి వెలిగించలేదు. తల దువ్వుకోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నేను గుమ్మంలో కూచుని గులకరాళ్ళు ఎగరేస్తూ పట్టుకోలేక పారేస్తూ ఉన్నాను. నాయనమ్మే వచ్చి పొయ్యి ముట్టించింది.

ఆ సాయంత్రం స్టేషను వైపు నుంచి కాలవ గట్టు మీద ఎవరో కుంటుకుంటూ వస్తున్నారు. ఎవరిదో గళ్ళ లుంగీ, పెరిగిన గడ్డం, మోకాలికి గుడ్డకట్టు. ముందు గుర్తుపట్టింది నేను కాదు, గోడవైపు తిరిగి పడుకున్న మా అమ్మ. అడుగు చప్పుడుకే లేచి కూచుంది. గాలి ఆ బోటుని తీరం వెంట తోసుకుపోయి బాపట్ల దగ్గర ఇసుకలో పడేసిందట. అక్కడి జాలర్లు జావ పోసి, కాలికి కట్టు కట్టి, రైళ్ళు తిరిగాక బాపట్లలో ఎక్కిస్తే, తెనాలిలో దిగి రేపల్లె బండి పట్టుకుని వచ్చాడు. అమ్మ ఏడుపుకి పేటంతా మా వాకిట్లో పడింది. నాయనమ్మ కొడుకుని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసింది.

"కాళ్ళు కడుక్కో. జావ చల్లారిపోద్ది."

ఆ రాత్రి ఏస్తేరత్త దగ్గర్నుంచి అయ్యగారి దాకా అందరూ అదే మాట అన్నారు, నీ విశ్వాసం గొప్పదమ్మా, వస్తాడని నీకు ముందే తెలుసు అని. ఆవిడ నాన్న పళ్ళెంలో ఇంకో గరిటె జావ పోసింది. మర్నాడు దొడ్లో గోంగూర గిల్లుతుంటే నేను పక్కన చేరి, నాన్న రాకపోయుంటే నువ్వు గుడిలో చెప్పింది అబద్ధమయ్యేదిగా అని అడిగేశాను. తిడుతుందనుకున్నాను. గిల్లడం ఆపకుండా చెప్పింది.

"వస్తాడనిచ్చానా నేను? ఇన్నేళ్ళు నా కళ్ళముందు తిరిగాడు. దానికిచ్చా. ఆడు రాకపోతే, దేవుడిచ్చినేళ్ళు ఇవ్వనట్టయిపోద్దా?"

మా నాయనమ్మ గిల్లిన గోంగూరలో ఎన్నడూ కాడ ఉండేది కాదు. ఆ పూట పళ్ళెంలో ఆకులూ కాడలూ ఏకంగా కలిసిపోయి ఉన్నాయి. అందరూ ధైర్యం అనుకున్న ఆ రోజులన్నీ ఆవిడ కొడుకుని పోగొట్టుకోవడానికి సిద్ధపడుతూనే గడిపిందని నాకు అప్పుడే అర్థమైంది. పదేళ్ళ పిల్లకి అంత అర్థం కావాల్సిన పని లేదు, కానీ అయింది.

తొంభైల్లో ఒక కార్తీకంలో నాయనమ్మ పోయింది. ఇప్పుడు మా పేటలో తాటాకు ఇల్లు ఒక్కటి లేదు. గుడికి పాలరాయి పరిచారు, కానుకల వేలం లేదు, కోడిని తెస్తే నేల పాడవుతుందంటారు. రెల్లు పూసే గట్టు మీద సిమెంటు రోడ్డు పడింది. తుఫాను ఎక్కడ దాటుతుందో రెండు రోజుల ముందే మనవరాలి ఫోను చెప్పేస్తోంది, మంచిదే, ఎంతమంది బతికారో దానివల్ల. మనిషి ఎక్కడున్నాడో తెలీక గుమ్మం వంక చూసే చూపు మాత్రం ఇప్పటి పిల్లలకి లేదు, వాళ్ళకది రావాలని నేను కోరనూ కోరను.

మా అబ్బాయి బాపట్లలో పని చూసుకుని రాత్రి బండి మీద తెనాలి వస్తాడు. ఆలస్యమైతే కోడలు ఫోను మీద ఫోను చేస్తూ వరండాలో తిరుగుతుంది. నేను లోపల కూచుని, వాడు పుట్టిన వానరోజు దగ్గర్నుంచి, వాడి మొదటి పన్ను దగ్గర్నుంచి ఒక్కోటీ తలుచుకుంటూ స్తోత్రం చెప్పుకుంటూ వస్తాను. స్తోత్రాలు సగంలో ఉండగానే గేటు చప్పుడవుతుంది. అప్పుడు లేచి, ఇంత ఆలస్యమేంట్రా, కూర మళ్ళీ వేడి చేస్తే గ్యాసు ఎవడిస్తాడు అని తిడతాను.